పడవలో బల్ల

ఏ రాజ్యమో మరిచాను గానీ, ఆ ఏటి పడవ గుర్తుంది. నలుగురు పట్టే బల్ల మీద ఠాణేదారు పేర్రాజు ఒక్కడే కాళ్లు ఎడంగా చాపుకుని కూర్చున్నాడు.

"బాబూ, కోడలు నిండు చూలాలు, నిలబడలేకపోతోంది. కాస్త జరగండి," అంది కుమ్మరి గవరమ్మ.

"మగాడు కూర్చునే తీరే ఇంత. ఈ బల్లంతా నాదే!"

నడి ఏట్లో పడవలోకి నీళ్లూరాయి.

"కూర్చున్నవాళ్లు ఎవరి కింది నీళ్లు వాళ్లే తోడాలండీ. ఇది రేవు కట్టుబాటు," అన్నాడు పడవవాడు.

గవరమ్మ వినయంగా ఠాణేదారుకి ముంత అందించింది. "బల్లంతా తమరిదే కదా బాబూ."

కాసేపు తోడేసరికి పేర్రాజు మోకాళ్లు దగ్గరికొచ్చాయి. "రామ్మా, కూర్చో! మీరూ రండమ్మా, బోలెడు చోటుంది!" అని పడవలో నిలబడ్డ ఆడవాళ్లందరినీ పిలిచాడు.

కోడలి వంతు నీళ్లు గవరమ్మే తోడింది. ఒడ్డు చేరేసరికి ఠాణేదారుకి బల్ల అంచు మాత్రం మిగిలింది.