తొలిగడియ స్వామి వెలసిన వైనం

అనంతపురం సీమలో, ఎగువ తుమ్మలూరుకూ దిగువ తుమ్మలూరుకూ నడుమ, సుద్దలవంక అనే వాగు ఇసుకలో అరమైలు నడిస్తే తొలిగడియ స్వామివారి సన్నిధి వస్తుంది. గోపురం లేదు, ప్రాకారం లేదు. నాలుగు రాతి స్తంభాల మీద ఒక రాతికప్పు, దాని కింద నడుమెత్తున నున్నటి రాతిగుండు. ఆ గుండే స్వామి. స్వామికి ముఖం లేదు, వీపూ లేదు. ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటారు. వచ్చిన భక్తులు మొదట అడిగేది, "ప్రదక్షిణ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి స్వామీ?" అని. మీరు ఎక్కడ నిలబడ్డారో అక్కడి నుంచే అని స్తంభం మీద ఇంత లావు అక్షరాలతో రాయించాము. అయినా అడుగుతూనే ఉంటారు. చదవడానికి మనవాళ్ళకు మహా బద్ధకం!

ఇక్కడి సంకల్పం కూడా వేరు. అర్చకులు శ్వేతవరాహ కల్పమనీ, వైవస్వత మన్వంతరమనీ, కలియుగమనీ, అందులో ప్రథమపాదమనీ అన్ని గుళ్ళలో లాగే చెప్పుకొస్తారు. తిథి దగ్గరికి వచ్చేసరికి ఆగి, "ఇప్పుడు" అని తెలుగులో అని, ఒక రాగి కుడుకను, అంటే చిన్న గిన్నెను, నీళ్ళలో వదులుతారు. అది మునిగేదాకా భక్తులు ఊరికే కూర్చోవాలి. అడుగున సన్నటి బెజ్జం ఉన్న ఆ కుడుక నెమ్మదిగా నిండి మునగడానికి ఒక గడియ, అంటే ఇరవైనాలుగు నిమిషాలు పడుతుంది. సెల్‌ఫోన్లు చెప్పుల దగ్గరే వదిలి రావలెను.

ఈ పుస్తకం రాస్తున్న నేను ముప్పై రెండేళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. కాలం ఎప్పుడు పుట్టిందని పిల్లలు ఏటా అడిగేవారు. సుమారు వెయ్యిన్నీ మూడువందల ఎనభై కోట్ల ఏళ్ళ కిందట ఈ విశ్వం మహావేడిగా, మహాఇరుకుగా ఉన్న స్థితి నుంచి విచ్చుకోవడం మొదలైందని శాస్త్రం చెబుతున్నది. కాలం కూడా దానితోనే పుట్టిందని కొందరు శాస్త్రవేత్తల మాట. అలాగైతే "అంతకు ముందు" అన్న ప్రశ్నకే చోటు లేదు. కాదు, అంతకు ముందూ ఏదో ఉండే ఉంటుందని మరికొందరి మాట. ఇంకా తేలలేదు. మన పెద్దలు నాలుగువందల ముప్పై రెండు కోట్ల ఏళ్ళు బ్రహ్మకు ఒక పగలన్నారు, ఆ పగలు గడిస్తే ప్రళయమన్నారు, మళ్ళీ సృష్టి అన్నారు. ఆ చక్రానికి మొదలేదంటే అనాది అన్నారు. అనాది అంటే మొదలు లేనిదని. పిల్లలు ఇంకా గుచ్చి అడిగితే నేను, "సిలబస్‌లో లేదు, కూర్చో" అని కసిరేవాణ్ణి. తెలియదని చెప్పడానికి నామోషీ. ఈ స్వామి చరిత్ర విన్న తరువాతనే నాకు ఆ నామోషీ వదిలింది.

పూర్వం ఇక్కడ రెండు తుమ్మలూళ్ళకూ ఒకటే ఊటకాలువ ఆధారంగా ఉండేది. వంక ఇసుక కింద ఊరే నీటిని తవ్వి పట్టి, రాళ్ళు పేర్చిన కాలువలో పొలాలకు తెచ్చుకునేవారు. నీరు ఎగువకు పదిహేను గడియలు, దిగువకు పదిహేను గడియలు. వంతు తప్పకుండా కుడుక మునకలు లెక్కపెట్టి నీటిని ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి మళ్ళించే మడవ పలక తిప్పే పని నీరుగంటివారిది. తరతరాలుగా పగలూ రాత్రీ ఆ కుడుక ఆగింది లేదు.

ఒక ఏడు వానాకాలంలో వంక పొంగి, ఊటకాలువను నిలువెత్తు ఇసుకతో పూడ్చేసింది. రెండు ఊళ్ళవారూ కలిసి రెండు నెలలు పారలు పట్టి ఇసుక తీశారు. ఆ పనిలోనే కాలువ గట్టు విరిగి మీదపడి నీరుగంటి పెన్నోబులప్ప పోయాడు. మగపిల్లలు లేరు. కూతురు తిప్పక్క తండ్రి కుడుకను చేతికి తీసుకున్నది. అప్పటికామె నిండు గర్భిణి.

కాలువలో మళ్ళీ నీరు కనిపించిన నాడు ఊళ్ళవారు సంబరపడి టెంకాయలు కొట్టారు. ఆ సంబరం ఒక్క పూటే. మడవ ముందు ఎవరికి తిప్పాలన్న మాట వచ్చింది. కాలువ తవ్విన నాడు మొదటి గడియ ఎవరిదో, ఆగి మొదలుపెట్టినప్పుడూ వారిదే ముందు అని పెద్దల కట్టుబాటు. అయితే ఎప్పుడూ ఆగింది లేదు కనుక ఆ మొదటి గడియ ఎవరిదో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"మాదే. మా తాత చెప్పినాడు" అన్నాడు ఎగువూరి పెద్ద సిద్దరామప్ప.

"నీ తాత పుట్టకముందే ఈడ కాలువ పార్తాండెలే. మొదలు మాదే!" అన్నాడు దిగువూరి పెద్ద ఎర్రితాత.

మాటామాటా పెరిగి రెండు ఊళ్ళవారూ మడవకు చెరో పక్క కట్టెలు పట్టుకుని కూర్చున్నారు. తిప్పనిస్తే ఒట్టు. రెండు నెలలు కలిసి చెమటోడ్చి తెచ్చుకున్న నీరు ఎవరికీ కాకుండా వంక ఇసుకలోకి పోతున్నది. అవతల రాగి పైర్లు వెన్ను తీసే అదనులో వాడిపోతున్నాయి. మూర్ఖత్వానికి కూడా ఒక హద్దుండాలి!

తగవు పాళెగారి దగ్గరికి పోయింది. ఆయన ఇద్దరి మాటా విని విసిగిపోయాడు. "లెక్క పట్టేది నీరుగంటోళ్ళు. వాళ్ళే చెప్పల్ల. రేపు పగలు నడినెత్తికి పొద్దొచ్చేసరికి మడవ కాడ నూనె కాచండి. ఆ బిడ్డ కుడిచెయ్యి నూనెలో పెట్టి మొదటి గడియ ఎవరిదో చెప్పల్ల. చెయ్యి కాలకపోతే నిజం, కాలితే అబద్ధం" అని తీర్పిచ్చాడు. అప్పట్లో అటువంటి తీర్పులే న్యాయమనిపించుకునేవి.

తిప్పక్కకు తండ్రి ఆ సంగతి ఏనాడూ చెప్పలేదు. ఏ ఊరి పేరు చెప్పినా తెలియని మాటే అవుతుంది. మడవ పలక ఎత్తేది ఆ చెయ్యే, రేపు పుట్టే బిడ్డను ఎత్తుకునేదీ ఆ చెయ్యే. తెల్లవారి ఊట పుట్టే చోటికి పోయి, ఇసుకలో కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టింది. నాయనకు ముందు కుడుక పట్టింది జేజినాయన. ఆయనకు ముందు ఆయన నాయన. మొట్టమొదట కాలువ తవ్విందెవరు? కాలువకు ముందు వంక ఉండి ఉంటుంది. వంకకు ముందు కొండ. కొండకు ముందో? ఆలోచించేకొద్దీ తల తిరిగింది. ఏడ్చి ఏడ్చి, అక్కడ ఇసుకలో కొంచెంగా పైకి తేలి ఉన్న ఒక రాతి పక్కన తల వాల్చగానే కన్నంటుకుంది.

కలలో ఒక ముసలాయన ఆ రాతిమీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. గొంగడి కప్పుకున్నాడు, నొసట విభూది ఉంది. తిప్పక్క కుడుకను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఏమ్మే, ఏడుస్తాండావు?"

"మొదటి గడియ ఎవురిదో చెప్పల్లంట తాతా. నీకేమన్నా తెల్సునా?"

ముసలాయన నవ్వాడు. "నన్ను కాలుడికే కాలుడంటారు. నాకే తెల్దు పో! మొదలు చూడల్లంటే దానికి ముందే పోయి నిలబడల్ల గదా. అట్లా నిలబడే చోటు యాడుండాది?"

"మరి నేనేమి చెప్పేది?"

"నేను చెప్పిందే చెప్పు. తెల్దని చెప్పు. కుడుక నీళ్ళమీద పెట్టినప్పుడే గడియ. పెట్టు, అది మునుగుతుంది. అంతకు మించి నీ మీద బరువేమీ లేదు." అని కుడుకను ఆమె ఒళ్ళో పెట్టి, "నా మీద ఇసుక ఎక్కువైంది, తీయించు" అని మాయమయ్యాడు.

తిప్పక్క లేచేసరికి పొద్దు నడినెత్తికి వస్తున్నది. గుండెల మీది బండ ఎవరో దించినట్టయింది ఆమెకు. కొంగు బిగించి మడవ దగ్గరికి నడిచింది. మూడు రాళ్ళ మీద పెద్ద మూకుడు, అందులో కుతకుతలాడే నువ్వుల నూనె. రెండు ఊళ్ళ జనం, పాళెగారు, అందరూ ఆమె వంకే చూస్తున్నారు. ఆడవాళ్ళు కొందరు ముఖాలు తిప్పుకున్నారు.

తిప్పక్క కుడిచెయ్యి చాచి మూకుడు మీద పట్టుకున్నది. సెగ తగులుతున్నది. "మొదటి గడియ ఎవురిదో నాకు తెల్దు. మా నాయనకూ తెల్దు. ఇది నిజం. ఈ మాట మీద చెయ్యి పెట్టమంటే పెడతాను" అని, రెండు పక్కలకూ చూసింది. "తెల్సినోళ్ళు ఎవరన్నా ఉంటే రాండప్పా. మాదే అని చెప్పి నా పక్కన చెయ్యి పెట్టండి."

సిద్దరామప్ప నూనె వంక చూశాడు, తన చెయ్యి వంక చూసుకున్నాడు. "మా తాత చెప్పినాడు గానీ... మా తాతకు ఎవరు చెప్పినారో నాకు తెల్దు" అని గొణిగాడు.

"నాకూ తెల్దులే" అన్నాడు ఎర్రితాత, కట్టె కింద పడేసి. "తెల్సినట్టు అరిచి అరిచి గొంతు పోయింది."

పాళెగారు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ పిల్ల చెయ్యి కాలుతుంటే చూడవలసి వస్తుందని ఆయనకు పొద్దుటి నుంచి ముద్ద దిగలేదట. "చెయ్యి తీయమ్మా, తీ! నిజం తేలిపోయింది" అన్నాడు.

హక్కు ఎవరికీ లేదని తేలేసరికి అందరికీ మర్యాద గుర్తుకు వచ్చింది. సిద్దరామప్ప దిగువ పొలాల వైపు చెయ్యి చూపి, "మీ మడి నెర్రెలిచ్చిందప్పా. మాది ఇంకొక పూట ఓర్చుకుంటుంది. తిప్పక్కా, ముందు వాళ్ళకు తిప్పు" అన్నాడు. ఎర్రితాత పైపంచెతో ముఖం తుడుచుకుని సిద్దరామప్ప చెయ్యి పట్టుకున్నాడు. తిప్పక్క కుడుకను నీళ్ళమీద పెట్టి, "ఇప్పుడు" అన్నది. మడవ లేచింది. నీరు గలగలా దిగువకు పరుగెత్తింది.

ఆ సాయంత్రమే ఊట దగ్గర ఇసుక తీయగా నడుమెత్తు గుండు బయటపడింది. ముఖం ఎటో తెలియక, గుడి కట్టడానికి వచ్చిన స్థపతి తల పట్టుకుంటే, "మొదలు తెలియని స్వామికి ముఖం ఎందుకు? అట్లే ఉండనీయండి" అని తిప్పక్క చెప్పిందట. నెల తిరక్కుండానే ఆమెకు ఆడపిల్ల పుట్టింది.

మరి కాగిన నూనె? అంత నూనెను పారబోయడానికి ఆడవాళ్ళకు మనసొప్పలేదు. ఇళ్ళకు పరుగెత్తి కొర్రపిండి, బెల్లం తెచ్చి, అక్కడికక్కడే అప్పాలు తట్టి ఆ మూకుట్లోనే వేయించారు. పొద్దుటి నుంచి ఎవరూ తిన్నది లేదు. కట్టెలు పట్టుకున్న చేతులతోనే పక్కపక్కన కూర్చుని తిన్నారు.

నేటికీ మాఘ పౌర్ణమి నాడు పగటిపూట ఆ మూకుడు పొయ్యి మీదికెక్కుతుంది. రెండు ఊళ్ళవారూ, యాత్రికులూ నూనె ముందు నిలబడి పైకి "నాకు తెల్దు" అని ఒక్కసారి చెప్పాలి. కలెక్టరైనా, పీఠాధిపతి అయినా, ఫిజిక్సు మాస్టరైనా చెప్పవలసిందే. నేను చెప్పిన మొదటి ఏడు నా కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. ఎందుకో నాకే తెలియదు, ప్రాణం మాత్రం హాయిగా ఉండింది. అదను తప్పిపోయిందని, ఆలస్యమైపోయిందని కుమిలేవారు స్వామి ఎదుట ఒక్క గడియ కూర్చుంటే ఆ బరువు దిగుతుందని, తగవుల్లో నలిగేవారికి మాట కలుస్తుందని, గర్భిణులకు సుఖప్రసవమవుతుందని భక్తుల విశ్వాసం.

పౌర్ణమి నాడు అందరూ తెలియదని చెప్పడం అయ్యాక, అదే నూనెలో అప్పాలు వేయించి, మొదటి అప్పం మూకుట్లోంచి తీసి, తిప్పక్క వంశంలోని ఆడపడుచు కుడి అరచేతిలో పెడతారు. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే నీరుగంటి లింగమ్మ. ఆమె ప్రతి ఏడూ "అబ్బా, కాల్తాందప్పా!" అని అప్పాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకుంటూ ఊదుకుంటుంది. రెండు ఊళ్ళూ ఒక్కసారిగా గొల్లున నవ్వుతాయి. అప్పుడు మడవ తిప్పుతారు.