నడి ఏట్లో పురుడు

ఇది చిన్న కథ. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు అయిపోతుంది.

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి రెండు ఒడ్లు. ఏ ఏటికైనా రెండే ఒడ్లు కానీ, ముంతలరేవు వాళ్లు తమ ఒడ్డొక్కటే ఉందన్నట్టు బతికేవాళ్లు. ఆ రేవులో పడవ నడిపేవాడు మరిడయ్య. కథ మరిడయ్యదే. కాకపోతే ముందు పెదకాపు సంగతి చెప్పాలి. పెదకాపుకు మీసం ఎక్కువ, మాట తక్కువ. ఏం అడిగినా మీసం దువ్వేవాడు. దువ్వడం అయ్యేలోపు అడిగినవాళ్లు తమ పని తామే చూసుకునేవాళ్లు. ఊరు చక్కగా నడుపుతాడని ఆయనకు పేరు. ఆయన సంగతి చెప్పి ఆయన భార్య సంగతి చెప్పకపోతే ఆవిడకు కోపం వస్తుంది. ఆవిడ పెట్టిన పులుసు తిని ఒక దొంగ దొంగతనమే మానేశాడు. మళ్లీ ఏ వంటింట్లోకీ దూరడానికి ధైర్యం చాలలేదట.

సరే, మరిడయ్య.

మరిడయ్య భార్య పురిట్లో పోయింది. ఆ పురిట్లో పుట్టిన పిల్ల నూకాలు. తల్లీ తండ్రీ తానే అయి పెంచాడు, పెళ్లి చేశాడు. ఇప్పుడా పిల్ల తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చింది. వచ్చిన రోజు నుంచి మరిడయ్యకు ముద్ద దిగడం లేదు. తల్లికి పట్టిన గతి బిడ్డకు పట్టకూడదు. అతనికి ఉన్నది ఆ ఒక్క కోరికే.

ఆ రోజుల్లోనే రాజుగారి చెల్లెలు కూడా పురిట్లో పోయింది. రాజు మూడు రోజులు తలుపు తియ్యలేదు. తీశాక ఒక ఆజ్ఞ వేశాడు. "నా రాజ్యంలో ఇక ఏ తల్లీ పురిట్లో పోకూడదు. ఊరూరా పురిటిల్లు కట్టండి. చెయ్యి తిరిగిన మంత్రసానిని పెట్టండి."

మంచి ఆజ్ఞ. ముంతలరేవుకూ పెంకుటిల్లు వచ్చింది. కాకపోతే ఏటికి అవతల వచ్చింది. దివానుగారి బావమరిది పొలం అవతల ఉంది. ఆ పొలానికి ఎప్పటినుంచో బాట కావాలి. పురిటిల్లు కడితే బాట వెయ్యక తప్పదు కదా.

వీరవ్వ అనే మంత్రసాని వచ్చి అక్కడ కూర్చుంది. కాగులో నీళ్లు కాచింది. ఒక్కరూ రాలేదు. ఎందుకంటే ఇవతలి ఒడ్డున అచ్చియ్యమ్మ ఉంది. ఊళ్లో ఏది జరగాలో, ఏది జరగకూడదో చెప్పేది ఆవిడే.

"నిండు చూలాలు ఏరు దాటకూడదు," అంది అచ్చియ్యమ్మ.

"అంతేగా మరి," అంది ఊరు.

రాజు దండోరా వేయించాడు. ఊరంతా నిలబడి విన్నది. డప్పు బాగుందని మెచ్చుకున్నది. నిండు చూలాలు ఏరు దాటకూడదు, అంతేగా మరి.

రాజు చూలాళ్లకు నెయ్యి పంపాడు. నెయ్యి అత్తలు తిన్నారు. నిండు చూలాలు ఏరు దాటకూడదు, అంతేగా మరి.

రాజు గుర్రం మీద అధికారిని పంపాడు. పెదకాపు భార్య ఆయనకు భోజనం పెట్టింది. ఆయన మళ్లీ రాలేదు.

ఆ మధ్యలో సాలెల ఇంటి కోడలు పురిట్లో పోయింది. ఊరంతా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "నిండు చూలాలు ఏరు దాటకూడదు, అంతేగా మరి," అనుకుని ఇళ్లకు పోయింది. ఆ రోజు మరిడయ్య పడవ తియ్యలేదు.

నూకాలుకు నొప్పులు మొదలయ్యాయి. పొద్దుటి నొప్పులు మధ్యాహ్నమైనా తెమలలేదు. గదినిండా ఆడవాళ్లు. సాంబ్రాణి వేసేది ఒకతె, తాయెత్తు కట్టేది ఒకతె, తన తొమ్మిది కాన్పుల సంగతీ వరసగా చెప్పేది ఒకతె. కిటికీ మూసేశారు. ఆ పొగలోంచి నూకాలు సన్నగా పిలిచింది.

"నాన్నా, ఊపిరాడట్లేదు."

మరిడయ్య లోపలికి వెళ్లాడు. కూతుర్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. రేవుకేసి నడిచాడు. వెనకాల ఊరు నడిచింది. రేవులో అచ్చియ్యమ్మ అడ్డం నిలబడింది.

"ఒరే మరిడీ, ఏరు దాటిస్తావా?"

"దాటించనత్తా."

"మరి పడవెందుకురా?"

"గాలికి."

"ఒడ్డున గాలి లేదా?"

"మీరంతా ఉన్నారు కదత్తా."

అచ్చియ్యమ్మ వెనక్కి తిరిగి ఊరి మొహం చూసేలోపు మరిడయ్య కూతుర్ని పడవలో పడుకోబెట్టాడు. పడవ కదిలింది. నడి ఏట్లోకి వెళ్లాక మరిడయ్య లంగరు రాయి వదిలాడు. అవతలి ఒడ్డుకేసి కేకేశాడు.

"ఓ వీరవ్వా! మా పిల్ల రాకూడదంట. నువ్వు రావచ్చుగా!"

ఇవతలి ఒడ్డున గొడవ మొదలైంది. దాటాడంటే దాటలేదు, దాటలేదంటే ఒడ్డున లేడు. అందరూ పెదకాపు మొహం చూశారు. పెదకాపు మీసం దువ్వాడు. దువ్వడం అయ్యేలోపు వీరవ్వ తెప్ప మీద వేన్నీళ్ల కుండతో సహా పడవ చేరింది. పాపం, ఇన్నాళ్లూ పనిలేక ఆ ఇంటికి మూడుసార్లు సున్నం వేసుకుంది. ఎవరో ఒకరు పిలిస్తే చాలనుకుంటున్న మనిషి.

"నేనూ వస్తానురా," అని అరిచింది అచ్చియ్యమ్మ.

"ఇంకో మనిషెక్కితే మునుగుతుందత్తా!"

అది నిజమే. అది చిన్న పడవ. అందుకే మరిడయ్య తానే నీళ్లలోకి దిగాడు. మెడలోతు నీళ్లు. కూతురికి వీపు తిప్పి, చేతులు వెనక్కి పెట్టి, పడవ అంచు కదలకుండా పట్టుకున్నాడు. లోపల నూకాలు అరుస్తోంది. అతను అటు చూడలేదు. అంచు వదల్లేదు. చేతులు తిమ్మిరెక్కాయి, వదల్లేదు. ఏరు లాగుతోంది, వదల్లేదు. నూకాలు అరుపు ఆగిపోయింది. అప్పుడు కళ్లు మూసుకున్నాడు, అంచు వదల్లేదు.

ఒడ్డున అచ్చియ్యమ్మ ఇసుకలో కూలబడిపోయింది. ఆవిడ ఇద్దరు కూతుళ్లూ ఈ ఒడ్డునే, పురిట్లోనే పోయారు. దాటిస్తే బతికేవాళ్లేమో అనుకోవడం కంటే, దాటకూడదు అనుకోవడమే ఆవిడకు కాస్త నిద్రపట్టే మాట. అది ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

పడవలోంచి పసిబిడ్డ కేరుమంది.

"ఆడపిల్ల," అంది వీరవ్వ. "తల్లికేం ఫరవాలేదు. అబ్బాయ్, ఇక వదులు."

మరిడయ్య వదల్లేదు. వేళ్లు విడివడక, వీరవ్వే ఒక్కొక్కటీ విడదీసింది.

ఆ తరవాత కుమ్మరింటి కోడలు గాలికి వెళ్లింది. కంసాలింటి కూతురు గాలికి వెళ్లింది. మూడోది అచ్చియ్యమ్మ మనవరాలు. ఆ రోజు ఆవిడ ఒడ్డున నిలబడి ఊరంతా వినేట్టు అరిచింది. "ఒరే మరిడీ, కదలనివ్వకురా! నీ పుణ్యం ఉంటుంది, గట్టిగా పట్టుకోరా!" ఏరు దాటడం గురించి ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ప్రతిసారీ మరిడయ్య నీళ్లలో నిలబడ్డాడు. నిలబడి నిలబడి కీళ్లు పట్టేశాయి. ఒక మాఘమాసం చలిలో పోయాడు. పాడె ముందు మగవాళ్లకంటే బిడ్డల్నెత్తుకున్న ఆడవాళ్లే ఎక్కువమంది నడిచారు. అలా నడవకూడదని అచ్చియ్యమ్మకు తెలుసు. ఆవిడే ముందు నడిచింది.

సంగతి రాజు చెవిన పడింది. "పడవలో పురుడు పోసుకుంటే తల్లులు బతుకుతున్నారట. ఊరూరా ఒక పడవ ఇవ్వండి," అన్నాడు. ఏరున్న ఊళ్లకు అని ఆయన అనలేదు. రాజును అడిగేదెవరు? మెట్ట ఊళ్లకూ పడవలు వెళ్లాయి, ఎడ్లబండ్ల మీద. రాళ్లగుట్ట అనే ఊరికీ ఒకటి వెళ్లింది. ఆ ఊళ్లో తాగడానికే నీళ్లు లేవు. పక్క ఊళ్లవాళ్లు పడీ పడీ నవ్వారు. దాంట్లో మేకలకు కుడితి పోస్తారన్నారు, పొయ్యిలోకి పనికొస్తుందన్నారు.

రాళ్లగుట్ట వాళ్లు దాన్ని బండ మీద పెట్టి, పైన పందిరి వేశారు. పడవతోపాటు వచ్చిన ఆజ్ఞ ప్రకారం అందులో తల్లీ, మంత్రసానీ తప్ప ఎవరూ ఎక్కకూడదు. ఎక్కితే మునుగుతుందట. ఎలా మునుగుతుందని ఎవరూ అడగలేదు. సాంబ్రాణి బయటే ఆగింది, తాయెత్తు బయటే ఆగింది, తొమ్మిది కాన్పుల కథా బయటే ఆగింది.

ఇప్పటికీ అక్కడ నొప్పులు వస్తే "పడవెక్కింది" అంటారు. ఆ చూలాలి తండ్రి వచ్చి వీపు తిప్పి నిలబడి, చేతులు వెనక్కి పెట్టి అంచు పట్టుకుంటాడు. కింద బండ. పడవ ఎక్కడికీ పోదు. అయినా బిడ్డ ఏడుపు వినిపించేదాకా వదలడు. "మరిడయ్యా, పట్టుకో," అని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు.

రాజ్యంలో అన్ని ఊళ్లకంటే ఎక్కువమంది తల్లులు బతికింది రాళ్లగుట్టలోనే.