పిక్కలమ్మ నుదుటి గాటు

బొండికొండ గ్రామానికి పడమట, పనసతోట నడుమ శ్రీ పిక్కలమ్మ తల్లి కొలువై ఉన్నది. మూలవిగ్రహం జానెడు నల్లరాయి. నుదుటి భాగాన అడ్డంగా ఒక గాటు ఉంటుంది. ఒళ్లంతా పసుపు పూసినా ఆ గాటును మాత్రం పూజారులు పూడ్చరు. ఇక్కడ కొబ్బరికాయ కొట్టే ఆచారం లేదు. ఆలయం ముందున్న నిప్పుల గుండంలో భక్తులు పనసపిక్కలు కాల్చి నివేదిస్తారు.

పూర్వం ఇక్కడ వరుసగా మూడేళ్లు వానలు ముఖం చాటేశాయి. గాదెలు నిండుకున్నాయి. కొండ మీది పనసచెట్లు మాత్రం మొండిగా కాశాయి. జనం తొనలు తిని పిక్కలు పారేసేవారు. పనసపిక్కను నిప్పులో వేయరాదని ఆ ఊరి కట్టుబాటు. ఊరిపెద్ద లోకినాయుడి తండ్రికి పొయ్యిలో పిక్క పేలి కన్ను పోయింది. అది అమ్మవారి ఆగ్రహమని అందరూ నమ్మారు. ఉడకబెట్టుకుందామంటే తాగడానికే నీళ్లు లేవు. ఆఖరి కాయ కూడా అయిపోయాక, మర్నాడు తెల్లవారుతూనే ఊరు ఖాళీ చేసి వలసపోవాలని లోకినాయుడు నిర్ణయించాడు.

ఆ ఊళ్లో దాలమ్మ అనే ఇల్లాలికి ఒక్కగానొక్క కూతురు అసిరి. ఆ పిల్ల ప్రసవించి నాలుగు రోజులైంది. నాలుగడుగులు వేస్తే కళ్లు తిరిగి పడిపోతోంది. తినడానికి ఏమీ లేక చంటిబిడ్డకు పాలు పడటం లేదు.

"బాలింతని ఎవులు మోస్తారే దాలమ్మా? ఊరంతటి కోసం ఒకర్ని ఒగ్గీడం తప్పదు" అన్నాడు లోకినాయుడు. ఆ మాట అనడానికి ఆయనకూ నోరు రాలేదు పాపం. అయినా అన్నాడు.

"మీరు ఎల్లిపోండి బాబూ. నాను కదల్ను" అంది దాలమ్మ.

ఆ మధ్యాహ్నమే ఆమె చెట్ల కింద పిక్కలు ఏరి, మూడు రాళ్లు పెట్టి నిప్పు రాజేసింది. మొదటి పిక్క పేలి మోచేయి కాలింది. రెండోది చెంప మీదికి ఎగిరింది. మూడోదానికి నిప్పులే చెల్లాచెదరయ్యాయి. అమ్మవారితో పంతాలేమిటని జనం దూరం నుంచే గొణిగారు. దాలమ్మకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నిప్పులు మళ్లీ పోగు చేసింది తప్ప పొయ్యి దగ్గరనుంచి లేవలేదు. ఆకలితో కూర్చున్నచోటనే ఆమెకు కునుకు పట్టింది.

కలలో ఒక ముసలమ్మ ఆ నిప్పుల మీదే కాళ్లు చాపుకుని కూర్చున్నది. ఆమె నుదుట కత్తిగాటు ఉంది.

"నాకెందుకే కోపం? ఆవిరి పోడానికి దారియ్యకుండా నిప్పులో తోసేస్తే ఏదైనా పేలతాది. ముందు గాటెట్టు" అని చెప్పి మాయమైంది.

దాలమ్మ ఉలిక్కిపడి లేచి కొడవలి అందుకున్నది. ఒక్కొక్క పిక్కకూ తోలు తెగేలా చిన్న గాటు పెట్టి, నివురు కప్పిన నిప్పుల్లో వేసింది. ఒక్కటీ పేలలేదు. కమ్మటి వాసన ఊరంతా కమ్ముకుంది. తోలు ఒలిచి తొలి పిక్క కూతురి నోట పెట్టింది. పొద్దుగూకే వేళకు చంటిబిడ్డ పాలు గుటక వేసిన చప్పుడు విని, అప్పుడు తానొకటి తిన్నది.

ఇంతలో లోకినాయుడు వచ్చాడు. దాలమ్మ చేయి చాచి ఆయనకూ ఒక పిక్క ఇచ్చింది. ఆయన భయపడుతూనే నమిలి మింగి, దూరాన నిలబడ్డ జనం వైపు తిరిగాడు.

"మూటలు ఇప్పీండిరా" అన్నాడు.

తొలకరి దాకా ఊరు ఆ పిక్కలతోనే బతికింది. పిక్కలు కాల్చిన మర్నాడే పొయ్యి బూడిద తీస్తుండగా, మూడు రాళ్లలో ఒకదానిపై అడ్డంగా గాటు కనిపించింది. పెట్టినప్పుడు అది నున్నటి రాయి అని దాలమ్మకు బాగా గుర్తు. ఆ రాయే నేటి మూలవిగ్రహం.

నేటికీ భక్తులు పిక్కకు తమ చేతులతోనే గాటు పెట్టి కాల్చుకోవాలి. గాటు మరచిన పిక్క ఇప్పటికీ పేలుతుంది. అది తల్లి ఆగ్రహం కాదు, మన తొందర. ఈ ప్రసాదం తిన్న బాలింతకు పాలకు కొదువ ఉండదని నమ్మకం. గుండం నుంచి తీసిన తొలి పిక్కలను లోకినాయుడి వంశస్థులే ఒలిచి, వచ్చిన బాలింతలకు స్వయంగా అందిస్తారు. ఆ తల్లులు తినేదాకా ఆ ఇంటివారు పచ్చి మంచినీళ్లయినా ముట్టరు.