గుక్కెడంటే ఎవరి గుక్క?

అడవిలో ఓ ధర్మాసుపత్రి ఉండేది. భేషుగ్గా నడిచేది, డాక్టరుకీ మందులావిడకీ మాటల్లేవన్న ఒక్క లోటు తప్ప! డాక్టరు కొండయ్య ఏనుగు. మందుల కిటికీ దగ్గర చుక్కమ్మ అనే ఉడుత. ఈ చివరి గది ఆయనది, ఆ చివరిది ఈవిడది. మధ్యలో చీటీలు మోసేది పానకాలు నక్క.

పానకాలు అటెళ్ళి, "సారూ, చుక్కమ్మ మీ చీటీలు చూసి నవ్వుతోందండి" అనేవాడు. ఇటొచ్చి, "గింజలేరుకునేదానికి మందులేం తెలుసన్నారమ్మా సారు. అన్నట్టు, మందులో కలపడానికి దొన్నెడు తేనె పంపమన్నారు" అనేవాడు. చుక్కమ్మ కళ్ళు తుడుచుకుని తేనె పోసేది.

ఓ పొద్దున కుందేలమ్మ, జ్వరంతో కాలిపోతున్న పసిబిడ్డని ఎత్తుకొచ్చింది. డాక్టరు చూసి చీటీ పంపాడు: 'ఘాటు కషాయం, గుక్కెడు, ఇప్పుడే.'

చుక్కమ్మ గరిటె ఎత్తి, ఆగిపోయింది. గుక్కెడంటే ఎవరి గుక్క? ఉడుత గుక్కయితే నాలుగు చుక్కలు, జ్వరం దిగదు. ఏనుగు గుక్కయితే కుండెడు, బిడ్డ దక్కదు!

"పానకాలూ, సారునడిగి రావయ్యా."

"అడిగితే నీకు చదువు రాదనుకుంటారు. రాసింది ఆయన, తప్పొస్తే ఆయనదే. కుండెడూ పోసెయ్!"

"బిడ్డ పోయాక తప్పెవరిదైతే ఏం లాభం?" అంటూ చుక్కమ్మ ఒక్క పరుగున వెళ్ళి డాక్టరు బల్లెక్కింది. "సారూ, నాకు చదువు రాదనుకున్నా సరే. గుక్కెడంటే ఎవరి గుక్కండీ?"

కొండయ్య తొండం నెత్తిన పెట్టుకున్నాడు. "అయ్యయ్యో! అలవాటు కొద్దీ నా గుక్కే రాసేశానమ్మా! బిడ్డ నీకు ఎన్నింతలుంటుంది?"

"నాకు రెండింతలుంది సార్."

"అయితే ఎనిమిది చుక్కలు."

ఎనిమిదే పడ్డాయి. మధ్యాహ్నానికల్లా బిడ్డ పాలకోసం గోల పెట్టింది!

"ఇంత తెలిసినదానివి, నా చీటీలు చూసి నవ్వుతావేంటమ్మా?" అన్నాడు కొండయ్య.

"నేనా? మీరే కదండీ నన్ను గింజలేరుకునేదన్నారు! పైగా రోజూ దొన్నెడు తేనె తెప్పించుకుంటూ..."

"తేనా? నాకు దాని వాసనే పడదే!"

ఇద్దరూ పానకాలు వైపు తిరిగారు. వాడి మీసాల మీద చీమలు బారులు తీరి ఉన్నాయి.

"అదీ... కడుపులో నొప్పిగా ఉంటేనూ..."

"అలాగా, పాపం!" కొండయ్య అక్కడికక్కడే చీటీ రాశాడు: 'వేప కషాయం, గుక్కెడు.'

చుక్కమ్మ కుండ వైపు చూస్తూ అడిగింది, "ఎవరి గుక్క సార్?"

"నా గుక్కే!"

నీతి: మందు రాసేవాళ్ళూ ఇచ్చేవాళ్ళూ ఎదురుపడి మాట్లాడుకుంటేనే రోగి క్షేమంగా ఇంటికెళ్తాడు.