వజ్రం మానేసిన సీరం

డాక్టర్ ఇందుమతిగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేం అడిగినా "చూద్దాం" అనేవారు. ఆ మాటను దాటవేత అనుకున్న శిష్యులు తమ ప్రశ్నను తామే మరిచిపోయేవారు. ఓపిక పట్టినవాళ్ళకు మాత్రం ఏదో ఒక రోజున, ఎవరో ఒక పేషెంటు ముందు నిలబడి ఉన్నప్పుడు, జవాబు దానంతటదే ఎదురయ్యేది. కాకినాడలో చర్మవైద్యురాలిగా ఆవిడకు మంచి పేరుంది. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి చాలామంది వచ్చి వెళ్ళారు. వాళ్ళలో చివరగా వచ్చింది కౌముది.

కౌముది చురుకైన పిల్ల. చదివిన ముక్క ఏదీ మరిచిపోదు. ఏ మందులో ఏముందో, అది చర్మంలో ఏ పొర దాకా వెళ్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఒక సోమవారం సాయంత్రం పేషెంట్లంతా వెళ్ళిపోయాక ఆమె ఒక చిన్న గాజుసీసా తెచ్చి గురువుగారి బల్ల మీద పెట్టింది. అది ముఖానికి నిగారింపు తెస్తుందని చెప్పి అమ్మే సీరం. ఊళ్ళోనే కొత్తగా వచ్చిన ఒక కంపెనీ దాన్ని తయారుచేసి ఇన్నాళ్ళూ బ్యూటీ పార్లర్లలో అమ్ముతోంది. ఇప్పుడు దుకాణాల్లోకి కూడా తేవాలనుకుంటున్నారు. అట్టపెట్టె మీద కౌముది పేరు వేసి, "చర్మవైద్యురాలు పరిశీలించినది" అని రాసుకుంటామని వాళ్ళు ఆమెను అడిగారు. చదువు ముగించి ఎక్కువ కాలం కాలేదు. ఊళ్ళో ఇంకా ఎవరికీ తెలియని డాక్టరు. తన పేరు అచ్చులో ఎలా ఉంటుందో ఆమె ఈపాటికే ఒకటి రెండుసార్లు ఊహించుకుంది కూడా.

"మేడమ్, ఇలాంటి సీరం మంచిదో కాదో దేన్ని బట్టి తేల్చాలి?" అని అడిగింది కౌముది. అడిగిందే గాని జవాబు కోసం ఆగలేదు. సీసాను తిప్పి వెనకవైపు సన్నటి అక్షరాలు చూపిస్తూ తనే చెప్పుకుపోయింది. నియాసినమైడ్ ఉంది, చర్మం పైపొరలోకి రంగు చేరకుండా చూస్తుంది. ఆర్బుటిన్ ఉంది, రంగు తయారవడాన్నే నెమ్మదింపజేస్తుంది. విటమిన్ సి ఉంది. మంట పుట్టకుండా అతిమధురం వేరు సారం కలిపారు, తేమ నిలవడానికి హయాలురానిక్ ఆసిడ్ వేశారు. ఏదీ మోతాదు మించలేదు. సెంటు కూడా కలపలేదు. "నేను ఒక్కొక్కటీ విడివిడిగా చూశాను. వంక పెట్టడానికి ఒక్కటి కూడా దొరకలేదు."

ఇందుమతిగారు సీసా చేతిలోకి తీసుకుని, మూత తిప్పి, మళ్ళీ బిగించారు.

"ఇవన్నీ కలిసి పనిచెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండు మూడు నెలలైనా పడుతుంది మేడమ్. తొందరపడి చేసే రకాలు కావివి."

"చూద్దాం" అన్నారావిడ. "గురువారం వజ్రం వస్తుంది. ఆ రోజు నువ్వు నా పక్కన కూర్చో."

వజ్రం బస్సు కండక్టరు. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. పెద్దమ్మాయి పుట్టినప్పటి నుంచి ఆమె రెండు చెంపల మీదా ముక్కు మీదా మంగు ఉండేది. ఎండలో, కిటికీ గాలిలో తిరిగే ఉద్యోగం కావడంతో ఏటికేడూ అది ముదిరి చివరికి కాఫీ రంగు తిరిగింది. రోజూ ఎక్కే కాలేజీ కుర్రాళ్ళు ఆమెకు "మంగు కండక్టర్" అని పేరు పెట్టారు. ఆ పేరు పిల్లల నోట మొదలై డిపోలో డ్రైవర్ల నోటికి పాకింది. వజ్రం ఎవరితోనూ గొడవ పడలేదు. టిక్కెట్టు కొడుతున్నప్పుడు తల వంచుకోవడం అలవాటు చేసుకుంది, అంతే.

గురువారం ఆమె లోపలికి వచ్చినప్పుడు ఆ మంగు ఆనవాలు కూడా లేదు. ముఖం ఒలిచిన గుడ్డులా తెల్లగా, నున్నగా ఉంది. సంచిలోంచి ఆమె తీసిన సీసా అచ్చం కౌముది తెచ్చినదానిలాంటిదే.

"పోయినసారి సీసా తెమ్మన్నారు కదండీ, తెచ్చాను" అంది వజ్రం కూర్చుంటూ. "మా వీధి పార్లరమ్మాయి ఇచ్చిందండీ. రాసిన వారానికే తేడా తెలిసింది. నెల తిరిగేసరికి మొత్తం పోయింది. ఇప్పుడు నన్ను ఎవరూ ఆ పేరు పెట్టి పిలవట్లేదు డాక్టరుగారూ."

కౌముదికి సంతోషం పట్టలేదు. వారం అన్న మాట దగ్గర ఆమె మనసు ఒక్క క్షణం ఆగింది. ఒక్కొక్కరి చర్మం ఒక్కో తీరు కదా అని సర్దిచెప్పుకుని ముందుకు వెళ్ళిపోయింది. "మంచి దినుసులు వేశారమ్మా ఇందులో. నేను అన్నీ చూశాను" అని వజ్రంతో అంది.

ఇందుమతిగారు వజ్రం ముఖాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పి, చెంప మీద వేలు ఆనించి చాలాసేపు చూశారు. తర్వాత కుర్చీలో వెనక్కి జరిగి నెమ్మదిగా చెప్పారు. "వజ్రం, ఇది ఇవాళ్టితో ఆపెయ్యాలి. ఆపాక రెండు మూడు రోజుల్లో మంట రావచ్చు, ముఖం వాయవచ్చు. నేనిచ్చే క్రీము రాసుకో. మళ్ళీ ఆ సీసా జోలికి వెళ్ళొద్దు. ఏ కాస్త ఇబ్బంది అనిపించినా ఈ అమ్మాయికి ఫోన్ చెయ్యి, వస్తుంది."

"ఆపడమెందుకండీ? ఈ డాక్టరమ్మగారు మంచిదేనంటున్నారు కదా!"

"మంచిదైతే మానినా ఏమీ కాదు కదమ్మా" అన్నారు ఇందుమతిగారు.

వజ్రం ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. చివరికి పెద్దావిడ మాట కాదనలేక తన సీసా బల్ల మీద వదిలి వెళ్ళిపోయింది. గురువుగారు అతిగా భయపడుతున్నారనే కౌముది అనుకుంది. వయసు పెరిగితే కొత్త మందుల మీద అనుమానం ఎక్కువవుతుంది కాబోలు అని కూడా అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఫోను మోగింది. "ఫోన్ చేస్తే వస్తారన్నారు కదా, డిపోకు రండి" అని వజ్రం ఫోను పెట్టేసింది.

కౌముది స్కూటీ మీద డిపోకు వెళ్ళింది. ఆడ కండక్టర్లు నడుం వాల్చే గదిలో, బల్ల మీద ముఖానికి తడి తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంది వజ్రం. కౌముదిని చూసి తువ్వాలు తీసింది. చెంపలు కమిలి ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, గడ్డం నిండా చీముపొక్కులు, కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి.

"నీళ్ళు తగిలినా కారం చల్లినట్టు ఉందండీ. ఫ్యాను గాలి కూడా పడట్లేదు."

కౌముది కంగారుగా చేతిసంచి తెరిచి, తెచ్చిన మందుల కోసం వెతికింది. వాటి మధ్య తన సీసా, కంపెనీవాళ్ళు ఇచ్చినది, పైకి కనబడింది. వజ్రం చూపు దాని మీదే నిలిచిపోయింది.

"అదివ్వండి."

"వద్దమ్మా."

"రెండు చుక్కలు చాలండీ. మొన్నొకసారి ఊరెళ్ళి సీసా మరిచిపోతే ఇలాగే అయింది. తిరిగొచ్చి రాయగానే గంటలో చల్లారింది. సాయంత్రం నాకు డ్యూటీ ఉంది, ఈ ముఖంతో బస్సెక్కి అందరి మధ్యా ఎలా నిలబడను?" అంటూ వజ్రం చెయ్యి చాపింది. ఎన్నేళ్ళుగానో జనాన్ని తోసుకుంటూ టిక్కెట్లు కొట్టిన చెయ్యి అది. ఇప్పుడు రెండు చుక్కల కోసం చాచి ఉంది.

కౌముది సీసాను పిడికిట్లో పట్టుకుంది. వెనక రాసి ఉన్న పేర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. నియాసినమైడ్ మానేస్తే ఇలా అవదు. ఆర్బుటిన్ మానేస్తే అవదు. అతిమధురం మానితే ఎవరి ముఖమూ మండదు. అవన్నీ ఎంత నెమ్మదిగా వస్తాయో అంత నెమ్మదిగానే పోతాయి. వారంలో మంగు పోగొట్టి, మానిన మూడో రోజుకు మనిషిని ఇలా చెయ్యి చాపేలా చేసేది మరొకటి ఉంది. అది గట్టి స్టెరాయిడ్. తను రోజూ చదివే పాఠమే. కానీ ఆ పేరు సీసా మీద లేదు. లేదు కాబట్టే తను చూడలేదు.

రెండు చుక్కలు వేస్తే ఈ మంట ఇప్పుడే చల్లారుతుందని కూడా ఆమెకు తెలుసు. ఎదురుగా అంత బాధ కనబడుతుంటే చేతిలో ఉన్న ఉపశమనాన్ని ఇవ్వకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకు ఆ రోజు తెలిసింది.

"ఇవ్వలేనమ్మా. ఇస్తే రేపు మళ్ళీ కావాలి. ఎల్లుండి ఇంకాస్త ఎక్కువ కావాలి" అంది.

వజ్రం ఒక్కసారిగా గొంతు పెంచింది. "ఆ రోజు మంచిదన్నది మీరే! ఇవాళ ఇవ్వనంటున్నదీ మీరే! మీ మాటల్లో నేనేది నమ్మాలి?"

కౌముది సీసాను సంచి అడుగున పడేసి, గుడ్డ తడిపి ఆమె ముఖం మీద వేసింది. అది వేడెక్కగానే తీసి మరొకటి వేసింది. తనే వెళ్ళి డిపో మేనేజరుతో మాట్లాడి సెలవు ఇప్పించింది. చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది. వజ్రం ఆ తర్వాత ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అయినా లేచి వెళ్ళిపొమ్మనలేదు.

ఆ రెండు సీసాలనూ ఇందుమతిగారు పరీక్షకు పంపించారు. రెండింటిలోనూ కౌముది అనుకున్నదే బయటపడింది. ఆవిడ సంబంధిత అధికారులకు ఫిర్యాదు చేశారు. కౌముది తన పేరు ఇవ్వనని కంపెనీకి చెప్పేసింది. ఎందుకు ముందే చెప్పలేదని ఆమె గురువుగారిని అడగలేదు. చెప్పి ఉంటే తను ఒప్పుకునేదా అన్నది ఆమెకే అనుమానంగా ఉంది.

వజ్రం ముఖం కుదుటపడడానికి చాలా వారాలు పట్టింది. కౌముది వారానికి రెండుసార్లు ఆమె ఇంటికి వెళ్ళి చూసేది. వాపు తగ్గింది, పొక్కులు మానాయి. ఆ ఎరుపు వెనకనుంచి ముందుగా ముక్కు మీద, తర్వాత చెంపల మీద, పాత మంగు మెల్లగా తిరిగి వచ్చింది. ఒకరోజు వజ్రం అద్దం చూసుకుని పక్కన పెట్టేసింది.

"నా ముఖం నాకు తిరిగిచ్చారు. నాకదే వద్దని కదండీ ఇన్ని పాట్లు పడ్డాను!"

"తగ్గిద్దామమ్మా. కానీ నెమ్మదిగా తగ్గుతుంది. మొత్తం పోతుందని నేను చెప్పలేను" అంది కౌముది.

వజ్రం అద్దాన్ని బోర్లించింది. తర్వాత ఎటో చూస్తూ, "పొద్దున ముఖం కడుక్కుంటే నీళ్ళు చల్లగా తగిలాయి. ఎన్నాళ్ళయిందో" అంది. ఆ మాటలో సంతోషం ఉందో దిగులుందో కౌముదికి తెలియలేదు. మర్నాటి నుంచి వజ్రం ఎండ తగలకుండా క్రీము రాసుకుని, తలకు చున్నీ చుట్టుకుని డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టింది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం కంపెనీ మేనేజరు స్వయంగా క్లినిక్కుకు వచ్చాడు. మర్యాదస్తుడు. తప్పు తమది కాదని, సరుకు పంపిన మనిషి మోసం చేశాడని, అతన్ని మార్చేశామని చెప్పాడు. కొత్త సీసా, కొత్త పెట్టె, కొత్త పరీక్షల కాగితాలు కౌముది ముందు పెట్టాడు. సీసా వెనక అక్షరాలు ఈసారి కాస్త పెద్దవిగా ఉన్నాయి. దినుసులు ఇంకా మేలైనవి. "మా మాట నమ్మకపోయినా ఫరవాలేదు మేడమ్, వాడుతున్నవాళ్ళను తీసుకొస్తాం. ఎంతమంది కావాలంటే అంతమందిని. మీరే వాళ్ళ ముఖాలు చూడండి, ఎలా మెరుస్తున్నాయో" అన్నాడు.

కౌముది అతన్ని బయట కూర్చోమని, సీసాతో లోపలికి వెళ్ళింది. ఇందుమతిగారు చేతులు కడుక్కుంటున్నారు. కౌముది జరిగిందంతా చెప్పింది. ఈసారి దినుసుల గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. "వాడుతున్నవాళ్ళను తీసుకొచ్చి చూపిస్తారట మేడమ్. ఏం చెప్పమంటారు?" అని మాత్రం అడిగింది.

ఇందుమతిగారు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. ఎప్పటిలా "చూద్దాం" అనలేదు.

"వాడుతున్నవాళ్ళు వద్దులే. వాడి మానేసినవాళ్ళలో ఒక్కరిని తీసుకురమ్మను" అన్నారు.