రెండు పూటల భోగి

ముందే చెబుతున్నాను. నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోండి, మధ్యలో లేస్తే నాకు తిక్క. ఇంతవరకూ నా మాట అబద్ధమన్నవాళ్ళు ముగ్గురు. ఒకడికి నత్తి పట్టుకుంది, ఒకడు సన్యాసుల్లో కలిశాడు, మూడోవాడు నాకు అల్లుడయ్యాడు. ఆపైన మీ ఇష్టం.

అందరూ 'ఒకానొక రాజ్యంలో' అని మొదలుపెడతారు. వాళ్ళకు ఆ రాజ్యం పేరు తెలియక. నాకు తెలుసు. మణిదుర్గం. ముప్ఫై ఏళ్ళు అక్కడి ఉప్పు తిన్నాను. ఆ కొలువులో విదూషకుణ్ణి నేను. తిప్పన్న అంటే తలుపులు కూడా నవ్వేవి. ఒకసారి శత్రుసేన కోట మీదికొస్తే బురుజెక్కి ఒక్క మాటన్నాను. నాలుగు వేలమంది పొట్టలు పట్టుకుని గుర్రాల మీంచి పడిపోయారు. గుర్రాలు కూడా పడ్డాయి, కానీ అది చెబితే మీరు నమ్మరు.

అయితే ముప్ఫై ఏళ్ళపాటు రోజూ ఒకే మనిషిని నవ్వించడం ఎంత కష్టమో మీకేం తెలుసు! గానుగెద్దుకైనా అమావాస్యకి సెలవుంటుంది. నాకు అదీ లేదు. ఈ కథ జరిగేనాటికి నా దవడలు అరిగిపోయి ఉన్నాయి. నాకంటే అలసిపోయినవారు మహారాజుగారు. ఆయన అలసట వేరు. తిని తిని.

మహారాజు వజ్రబాహు నాయనింగారు రోజుకి ఏడు పూటలు భోంచేసేవారు. వంటశాల పొగకి మూడు ఊళ్ళ అవతల కాకులు దగ్గేవి. వంటశాలకు నేతి కాలవ తవ్వించారు, అందులో నేను ఈదాను కూడా. ఇంత ఉన్నా ఆయన ముఖంలో మెతుకంత సంతోషం ఉండేది కాదు. బూరెలు కొండలా పేర్చి పెడితే ఆవులించి, "ఇవేనా? ఇంకేం లేవా?" అనేవారు. లేవని చెప్పే ధైర్యం లేక నలభైమంది వంటవాళ్ళు రాత్రింబవళ్ళు గరిటెలు తిప్పేవారు.

విస్తట్లో దొరకనిదాన్ని మనిషి బిరుదుల్లో వెతుక్కుంటాడు. ఒకనాడు ఆస్థాన పండితుడు శబ్దశరభ సోమయాజులు ఎగదోశాడు. "మహాప్రభో! 'భోగి' అనే మాట తమకోసమే పుట్టింది. దాన్ని ఊళ్ళో అడ్డమైనవాళ్ళూ వాడుతున్నారు. మాట మైలపడుతోంది" అన్నాడు.

రాజుగారికి చాలా రోజుల తరవాత కళ్ళల్లో వెలుగు వచ్చింది. ఆ సాయంత్రమే దండోరా వేశారు. భోగి అంటే ఇకమీదట మహారాజు ఒక్కరే. ఆ మాట ఇంకెవరి పేరులోనూ ఉండకూడదు. ఉంటే మూడు రోజుల్లో మార్చుకోవాలి. మార్చుకోనివాడు పొలిమేర దాటాలి.

మర్నాడు పొద్దున్నే ఒక ముసలి కుమ్మరిని భటులు సభకి ఈడ్చుకొచ్చారు. చేతులకింకా తడిమట్టి ఉంది.

"నీ పేరు?" అన్నాడు సోమయాజులు.

"భోగయ్యండి."

"ఎవడు పెట్టాడు?"

"మా అయ్యండి. భోగిమంట వేసే వేళకి పుట్టాను. ఆయన పేరూ భోగయ్యే. మా తాత పేరూ భోగయ్యే. మావాళ్ళందరూ ఆ వేళకే పుడతారండి, అదేం ఖర్మమో!"

సభ నవ్వబోయి ఆగింది. సోమయాజులు గొంతు సవరించుకుని, "ప్రభువు దయామయులు. ఒక్క అక్షరం మారిస్తే చాలు. ఈ క్షణం నుంచి నువ్వు రోగయ్యవి" అన్నాడు.

కుమ్మరి కాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"అయ్యా, నా పెళ్ళాం నలభై ఏళ్ళు కాపరం చేసి పోయింది. నలభై ఏళ్ళలో నా పేరు ఒక్కసారే పలికింది. కాపరానికొచ్చిన రోజున గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి పేరు చెప్పమంటే, సిగ్గుపడి 'భోగ...' అంది. 'య్య' మింగేసింది. నాకున్నది ఆ సగమే. దాన్ని మీరు 'రోగ' చేస్తానంటే నేను పొలిమేరే దాటతానండి. కానీ ఈ వయసులో కొత్త మట్టి నా చేతికి లొంగదు."

అదుగో, అప్పుడు నాకు విసుగొచ్చింది. రాజు మీద కాదు, పండితుడి మీద కాదు, ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటివి చూస్తూ పిట్టకథలు చెప్పుకుంటున్న నామీద నాకే. మోకాళ్ళు పట్టుకుని లేచాను.

"ప్రభూ, మాట పుచ్చుకోవడమంటే ఆవుని దానం పట్టడం లాంటిది. తోకా కొమ్ములతో సహా మొత్తం పుచ్చుకోవాలి. భోగి అంటే ఏమేం అర్థాలున్నాయో సోమయాజులుగారి చేత చదివించండి. ఒక్క అర్థం బయట మిగిలినా రేపెవడో వచ్చి అది నాదంటాడు."

"నిజమే. చదవండి" అన్నారు రాజుగారు.

సోమయాజులు నిఘంటువు తెరిచాడు. అది ఎంత బరువంటే మోయడానికి రెండు ఎడ్లు కట్టేవారు. "భోగి అనగా సుఖములు అనుభవించువాడు. రాజు. ఇంకా..." అని ఆగాడు.

"మింగకండి సోమయాజులుగారూ! కొత్తపెళ్ళికూతురు కూడా సగం పలికింది" అన్నాను.

"పాము" అన్నాడు నెమ్మదిగా.

నేను వెంటనే అందుకున్నాను. "ఏ పాము అనుకున్నారు! ఆదిశేషుడు! పద్నాలుగు లోకాలు మోసేవాడు! ప్రభువులో ఆ అంశ ఉందని నేను ఎప్పుడో కనిపెట్టాను. నడకలో ఆ ఠీవి చూడండి!"

రాజుగారు మెడ నిక్కించారు. పడగ విప్పినట్టే ఉంది, ఒట్టు. "ఆ అర్థం కూడా మాదే. ముద్ర వేయండి" అన్నారు. వేశారు.

ముద్ర ఆరేదాకా ఆగి, "సోమయాజులుగారూ, ఆదిశేషుడు ఏం భోంచేస్తాడు?" అని అడిగాను.

తనకు తెలిసిన ప్రశ్న వచ్చిందన్న సంబరంలో పండితుడు ముందూవెనకా చూసుకోలేదు. "వాయువు! అందుకే కదా పాముని గాలిమేపరి అంటారు!" అన్నాడు. అన్నాక తెలిసింది. కానీ అప్పటికే రాయసగాడు అది కూడా రాసేశాడు.

ఆ మధ్యాహ్నం రాజుగారి ముందు బంగారు పళ్ళెం పెట్టారు. ఖాళీది. ఇద్దరు పరిచారకులు అటూఇటూ నిలబడి వింజామరలు వీచారు.

"ఇది పైరగాలి ప్రభూ, పాయసం లాంటిది. ఇది తూర్పుగాలి, కాస్త ఉప్పన. పడమటి గాలి పొడిపొడిగా ఉంటుంది, తూర్పుగాలిలో కలుపుకోండి" అని నేను వడ్డన చేయించాను.

ఆదిశేషుడి భోజనం చూడ్డానికి ఊరంతా వచ్చి నిలబడింది. అన్నం పెట్టమని రాజుగారు ఏ మొహంతో అడుగుతారు? తన ముద్ర తనే చెరిపితే రేపు ఆ ముద్రకి విలువేముంది? గాలి నమిలారు. చెయ్యి కూడా కడుక్కున్నారు.

"ఎలా ఉంది ప్రభూ?"

"అనుభవిస్తున్నాం" అన్నారు పళ్ళు బిగించి.

"చిత్తం. మా పేటలో శిక్షను కూడా అనుభవిస్తామనే అంటారు."

నలభైమంది వంటవాళ్ళు ఆ రోజు వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. అందులో ఒకడు నిద్రలో కూడా గరిటె తిప్పుతూనే ఉన్నాడు, పాపం.

రెండో రోజూ గాలే. సాయంత్రానికి రాజుగారు గోడమీద బొమ్మగీసిన మామిడిపండు వైపు అదోలా చూడ్డం మొదలుపెట్టారు. సోమయాజులు ఎదురుపడితే ఆయన్ని కూడా అలాగే చూశారు. ఆ పండితుడు నిఘంటువు కాగితాలు ఎన్నిసార్లు తిప్పాడో, ఆ గాలికి దీపాలారాయి. పాముకి ఇంకో తిండి ఏదైనా ఉందేమోనని వెతికి వెతికి, "కప్పలు కూడా తినవచ్చు ప్రభూ" అన్నాడు. రాజుగారు గాలికే ఒప్పుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం. కుమ్మరి గడువు ఆనాటితో సరి. ఆ మూడు రోజులూ వాణ్ణి కోటవాకిట అరుగు మీదే కూర్చోబెట్టారు. కోడలు రోజుకి రెండుసార్లు కూడు పట్టుకొచ్చేది. ఆ పూట ముంతలో రాగి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. వాడు అంబలిలో ఉప్పు వేసి వేలితో కలిపాడు.

లోపల కొలువుకూటంలో రాజుగారి ముక్కుపుటాలు అదిరాయి. లేచారు. ఏడు వాకిళ్ళు దాటి, ఛత్రం పట్టేవాణ్ణి వెనకే వదిలేసి, పాదరక్షలు కూడా లేకుండా అరుగు దగ్గరికొచ్చారు. వెనకాల రొప్పుతూ సోమయాజులు. ఇంకా వెనకాల నేను. నాకు తొందరేముంది?

"అదేమిటి?" అన్నారు రాజుగారు.

"అంబలండి."

"ఎలా ఉంటుంది?"

కుమ్మరి ఆయన ముఖం చూశాడు. ఆకలిని గుర్తుపట్టడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ముంత చేతికిచ్చాడు. "కూర్చుని తాగండయ్యా. నిలబడి తాగితే పొలమారుద్ది."

మణిదుర్గం మహారాజు అరుగు మీద కూర్చున్నారు. గటగటా తాగారు. ఉల్లిపాయ కొరికారు. మిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ముంత అడుగు వేలితో తుడిచి నాకారు.

"తిప్పన్నా! ఇరవై ఏళ్ళ తరవాత నాలిక్కి రుచి తెలిసింది. భోగమంటే ఇదిరా!" అన్నారు. అని కుమ్మరి వైపు తిరిగి, "రోజుకి ఎన్ని పూటలు తాగుతావు దీన్ని?"

"రెండు పూటలండి. మూడో పూట ఎప్పుడూ లేదు."

నేను ఆకాశం కేసి చూస్తూ, "రెండు పూటలంటే ఏదో సామెత ఉండాలి ప్రభూ. ముసలితనం, మరిచిపోయాను" అన్నాను.

"నీకు తెలీదా? మా అవ్వ రోజూ అనేది. ఒక పూట తింటే యోగి, రెండు పూటలు తింటే భోగి, మూడు పూటలు తింటే రో..." అంటూ ఆగిపోయారు రాజుగారు.

ఆ మిగిలిన అక్షరాన్ని ఎవరూ పూర్తిచేయలేదు. వాకిట్లో ఈగ వాలిన చప్పుడు కూడా వినిపించింది. ఆ ఈగ దడుచుకుని మళ్ళీ లేచిపోయింది.

రాజుగారు సోమయాజుల్ని చూశారు. ఖాళీ ముంతని చూశారు. చివరికి నన్ను చూశారు.

"మూడు పూటలవాడు అదైతే, ఏడు పూటలు తినేవాణ్ణి ఏమంటార్రా?"

"ఆ మాట ఇంకా పుట్టలేదు ప్రభూ. పేరు పెట్టేదాకా అలా తిన్నవాడు ఎవడూ బతికి లేడు."

భటులు కత్తులమీద చేతులు వేశారు. సోమయాజులు కళ్ళు మూసుకున్నాడు. నేను మాత్రం కదల్లేదు. భయం లేక కాదు, ఓపిక లేక.

రాజుగారి పొట్ట మొదట కదిలింది. తరవాత భుజాలు. తరవాత ఆ నవ్వు ఎంత పెద్దదంటే, కోట వెనక చెరువులో చేపలు గట్టెక్కాయి. ఆ దండోరా వేసినవాడి చేతనే దాన్ని తిరగేసి కొట్టించారు. మాట మళ్ళీ ఊరిదైంది. ఆనాటినుంచి రాజుగారివి రెండే పూటలు. అంబలి ముంతలు కుమ్మరి ఇంటినుంచే.

ఇవాళ్టికీ ఆ ఊళ్ళో భోగి అంటే సుఖపురుషుడు కాదు, ఆకలేసినప్పుడు అంబలి దొరికినవాడు. సోమయాజులు ఆ అర్థం కూడా నిఘంటువులో ఎక్కించాడు. ఎడ్లు మూడయ్యాయి.

"నీకేం కావాలో కోరుకో. ఊరా? ఏనుగా?" అన్నారు రాజుగారు.

"ప్రభూ, మూడు రోజులపాటు నన్నెవరూ నవ్వించమని అడక్కుండా ఉంటే చాలు."

మూడు నెలలిచ్చారు. మెళ్ళో ముత్యాలహారం కూడా వేశారు. ఆ మూడు నెలలూ నేను పక్క దిగలేదు.

ఏమిటా చూపులు? నమ్మకం లేదూ? సరే. మణిదుర్గం వెళ్ళండి. కుమ్మరివీధిలో కుండలు కాల్చే మూడో ఆవం పక్కన ఒక ముసలాయన సారె తిప్పుతూ ఉంటాడు. నేను చెప్పిందంతా చూసినవాడు. ఆయన పేరు అడగండి, మొత్తం పలుకుతాడు, ఒక్క అక్షరం కూడా మింగడు.

భోగయ్య.