దేవదారు గింజలకు బట్టలెందుకు లేవు

ఒకప్పుడు మొక్కలకు పూలూ లేవు, కాయలూ లేవు. పిల్లల్ని కనాలంటే నీటిచుక్క కోసం కాచుకుని కూర్చోవడమే.

పాచమ్మ రాళ్ల మీద, నీటి అంచున పడి ఉండేది. ఆవిడకు సరైన వేళ్లు కూడా లేవు. ఫెర్నమ్మకు వేళ్లున్నాయి, పెద్ద పెద్ద ఆకులున్నాయి. అయినా ఆవిడ ఆకుల నుంచి రాలే పొడి తడినేల మీద పడితేనే పిల్లలు. వాన రాని ఏడు ఇద్దరిళ్లలోనూ ఉయ్యాల ఊగేది కాదు.

వీళ్లకు పైన, చల్లటి కొండవాలులో దేవదారమ్మ ఉండేది. అప్పట్లో ఆవిడ ఆకులు అరటాకంత వెడల్పు. అడవి మొత్తంలో మొదట గింజను కన్నది ఆవిడే. నీళ్లతో పనిలేదు. పుప్పొడిని గాలి మోసుకొచ్చి ఒడిలో వేసేది. బిడ్డ ఆ ఒడిలోనే గింజగా పెరిగి, దారిబత్తెం కూడా మూటగట్టుకుని కిందికి దిగేది.

ఇంకేముంది. చెట్టు కాబట్టి కాళ్లు నేలలో ఉండిపోయాయి గానీ, లేకపోతే నేల మీద నిలిచేవి కావు.

వెంటనే అడవికంతటికీ వరసలు పెట్టింది. వేళ్లు లేనివాళ్లది అడుగు వరస. వేళ్లుండీ గింజ లేనివాళ్లది మధ్య వరస. గింజ ఉన్నవాళ్లది పై వరస. పై వరసలో ఎవరెవరున్నారని ఫెర్నమ్మ అమాయకంగా అడిగింది. ప్రస్తుతానికి తానొక్కతేనని దేవదారమ్మ చెప్పింది. పెళ్లిలో మొదటి బంతికి ఒక్కతే కూర్చుని, తనకు తానే వడ్డించుకున్నట్టుంది వ్యవహారం. అయినా పొడుగ్గా ఉన్నవాళ్లకు ఎదురు చెప్పడం ఎక్కడైనా కష్టమే.

కొన్నాళ్లకు చిక్కుడు తీగ కూడా గింజను కన్నది. బక్కపల్చటి మనిషి. నిలబడడానికే పక్కవాళ్ల ఆసరా కావాలి. దేవదారమ్మకు ఒళ్లు మండిపోయింది. గింజ ఉన్నవాళ్లలోనూ నిటారుగా నిలబడేవాళ్లు వేరు, పాకేవాళ్లు వేరని అప్పటికప్పుడు ఇంకో గీత గీసేసింది.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. గింజలు తినే పురుగులు కూడా బయల్దేరాయి. నేలమ్మకు దిగులు పట్టుకుంది. అడవికంతటికీ ఆవిడే మంత్రసాని. ఏ గింజ కింద పడ్డా ఆవిడ చేతుల్లోనే పడాలి. అందుకని గింజ తల్లులిద్దరి దగ్గరికీ వెళ్లి, ఒంటి మీద బట్ట లేకపోతే ఈసారి పిల్లలు దక్కరని చెప్పింది. మీరు కట్టి మెత్తబడ్డ పాత ఆకు ఒకటి తీసి చుట్టండి, చాలు అంది.

చిక్కుడమ్మ వెంటనే తన పాత ఆకునొకదాన్ని మధ్యకు మడిచింది. లోపల గింజల్ని వరసగా పడుకోబెట్టి, అంచున నారతో కుట్టేసింది. మరి పుప్పొడి లోపలికి పోయేదెలా? కొసన సన్నటి గొట్టం ఉంచింది. ఆ పొడి మోసుకొచ్చేవాళ్లను పిలవడానికి నాలుగు ఆకు ముక్కలకు రంగు వేసి గుమ్మంలో కట్టింది. అదే పువ్వు. తేనెటీగలు పేరంటానికి వచ్చినట్టు వచ్చాయి.

దేవదారమ్మ మాత్రం విరగబడి నవ్వింది.

"నా బిడ్డలకు విడిచిన గుడ్డలా? వాళ్లు పై వరస పిల్లలు. కొత్త పట్టు తప్ప ఇంకోటి వాళ్ల ఒంటి మీదకు రాదు."

"పురిటిబిడ్డకు కొత్తబట్ట గుచ్చుకుంటుంది తల్లీ," అంది నేలమ్మ. "పాతదే మెత్తన. పట్టు బారసాలనాడు కడుదువులే."

వింటేగా! పట్టుపురుగును పిలిపించి, లోకంలో ఎవరూ కట్టని పట్టు నేయమంది. పురుగు తల ఊపింది. నేత నా వంతు, కుట్టు నీ వంతు, సూదులు సిద్ధం చేసుకో అంది. ఎన్ని కావాలని దేవదారమ్మ అడిగితే, ఎన్నుంటే పని అంత త్వరగా అవుతుందని చెప్పింది.

అంతే, దేవదారమ్మ తన ఆకులన్నిటినీ మెలిపెట్టి సూదులు చేయడం మొదలుపెట్టింది. కింది నుంచి ఫెర్నమ్మ చూస్తూనే ఉంది. పాత ఆకులు ఓ రెండైనా ఉంచుకో అక్కా, దేనికైనా పనికొస్తాయి అంది. మధ్య వరస వాళ్ల మాటలు ఇంత ఎత్తుకు వినబడవని దేవదారమ్మ జవాబిచ్చింది. వినబడకుండానే జవాబెలా ఇచ్చిందో ఆవిడకే తెలియాలి. ఈ ఆర్భాటంలో ఎవరి దిష్టి తగులుతుందోనని ఫెర్నమ్మ తన పొడి మూటల్ని ఆకుల కిందికి దాచేసుకుంది.

పట్టుపురుగు నేసింది, నేసింది. ఎప్పుడడిగినా ఇంకో రెండు రోజులంది. చివరికి బంగారంలా మెరిసే పట్టు తయారయింది. నేసినదంతా పురుగు తనే కప్పుకుని, లోపల ముడుచుకుని పడుకుంది. దేవదారమ్మ పిలిచింది, అరిచింది, బతిమాలింది. పలకలేదు. కొన్నాళ్లకు పట్టుకు చిల్లు పెట్టుకుని, రెక్కలతో బయటికొచ్చి, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా ఎగిరిపోయింది.

అప్పటికి దేవదారమ్మ గింజలు సగం ఎండకు మాడిపోయాయి. మిగతా సగంలో సగం పురుగుల పాలయ్యాయి. అవతల చిక్కుడమ్మ బిడ్డలు పాత ఆకులో చల్లగా నిద్రపోతున్నారు.

ఎంతైనా తల్లి కదా, దేవదారమ్మ వరసలూ గీతలూ అన్నీ మర్చిపోయి కొమ్మలు కిందికి వంచింది.

"విడిచిన గుడ్డే ఇవ్వు నేలమ్మా. చిరిగిందైనా సరే."

"ఎవరి ఆకు వాళ్ల బిడ్డకే సరిపోతుందమ్మా," అంది నేలమ్మ. "నీ ఆకేదీ?"

దేవదారమ్మ చిటారు నుంచి మొదలు దాకా వెతుక్కుంది. అన్నీ సూదులే. ఒక్క గింజను చుట్టడానికి ఒక్క ఆకు లేదు.

నేలమ్మకు జాలేసింది. ఉన్నవాళ్లనైనా కాపాడుకోమని చిన్న చిన్న చెక్కపెచ్చులు ఇచ్చి, వాటిని బుట్టల్లా పేర్చి సందుల్లో గింజల్ని దాచుకోమంది. కింద పడేటప్పుడు గాలికి కాస్త దూరం పోవడానికి గింజకో పల్చటి రెక్క అతికించింది. దేవదారమ్మ కళ్లు తుడుచుకుని అన్నీ తీసుకుంది. తెల్లారేసరికల్లా ఆ చెక్కబుట్టల్ని కొమ్మల మీద నిటారుగా నిలబెట్టి, పిల్లలకు గాలి తగలాలని తానే ఇలా చేయించానని పాచమ్మతో చెప్పుకుంటోంది.

అప్పటినుంచే ఫెర్న్ ఆకును తిరగేస్తే గోధుమరంగు చుక్కల్లా ఆ పొడి మూటలు కనిపిస్తాయి. చిక్కుడుకాయ అంచున అమ్మ వలిచిపారేసే నార ఆనాటి కుట్టే, కొసనున్న బుల్లి తోక ఆనాటి గొట్టమే. చిక్కుడమ్మను చూసి మామిడీ గుమ్మడీ కూడా పిల్లల్ని చుట్టడం నేర్చుకున్నాయి. దేవదారు గింజలు మాత్రం ఇప్పటికీ చెక్కల సందున బట్టల్లేకుండానే పుడుతున్నాయి. వాళ్లమ్మ ఎండనక వాననక, ఏడాది పొడుగునా కొమ్మల నిండా సూదులు పట్టుకుని పట్టు కోసం ఎదురుచూస్తూనే ఉంది.